మెటల్ డిటెక్టర్ కొనాలనుకుంటే ముందు మీ నేలను చూడండి

నాట్లప్పుడు మా చిన్నమ్మ చెవి కమ్మ ఒకటి మడిలో జారిపోయింది. నర్సంపేట దగ్గర ఊరు, చెరువు కింది పొలం, ముప్పావు ఎకరం మడి, పిక్కల లోతు బురద. సాయంత్రం ఇంటికొచ్చి తల దువ్వుకునేదాకా ఆమె చూసుకోలేదు. అవి వాళ్లమ్మ పెట్టిన కమ్మలు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు నాకు ఫోన్ చేసి, "కొడుకా, భూమిల ఉన్న బంగారం చూపెట్టే మిషన్ ఉంటదట గదా, నువ్వు ఫోన్ల చూసి తెప్పియ్యరాదు" అంది.

చూశాను. చూసినకొద్దీ తికమక పెరిగింది. ఒకదాని మీద 'గోల్డ్ డిటెక్టర్' అని రాసి ఉంటుంది, ఇంకోదాని మీద పది అడుగుల లోతు అని రాసి ఉంటుంది. ధరలు కొన్ని వేల దగ్గర మొదలై లక్షల దాకా పోతాయి. తొందరపడి పది వేల లోపుది ఒకటి తెప్పించాను. ఆ మడిలో అది అస్సలు పనికి రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. మొదటిసారి కొనేవాళ్లకు ఆ మూడు నెలలు మిగలాలని ఇది రాస్తున్నాను.

చాలామంది ముందు యంత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చుతారు. ఆ పని ఆఖరున చేయాలి. వెతకబోయే వస్తువేంటి, అది ఏ నేలలో ఉంది, అక్కడ తవ్వే హక్కు మనకుందా? ఈ మూడూ తేలిపోతే మార్కెట్లో ఉన్న యంత్రాల్లో ముప్పాతిక వంతు వాటంతట అవే పక్కకు పోతాయి.

ముందు పేరు దగ్గరి గందరగోళం. ఫంక్షన్ హాలు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఒంటికి ఆనించి తిప్పే కర్ర కూడా మెటల్ డిటెక్టరే. కర్ర కోత మిషన్లో మొద్దు పెట్టేముందు లోపల మేకులున్నాయేమో చూసేదీ మెటల్ డిటెక్టరే. ఈ రెండూ కొన్ని అంగుళాల దూరానికే పనికొస్తాయి, నేల మీద పెట్టి వెతకడానికి కాదు. పిన్‌పాయింటర్ అనే జానెడు పొడుగు పరికరం ఇంకొకటి ఉంది. గుంత తవ్విన తర్వాత ముక్క ఏ మట్టిగడ్డలో ఉందో అది చూపిస్తుంది. పొలంలో వెతకడానికి కావలసింది పొడుగు కర్ర చివర పళ్లెంలాంటి కాయిల్ ఉండేది. ఇక్కడ నేను మాట్లాడుతున్నది దాని గురించే.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

పళ్లెం లోపల రాగి తీగ చుట్టలు రెండుంటాయి. ఒకదాంట్లో కరెంటు సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చుకుంటూ పారుతుంది. దానివల్ల కింద మట్టిలోకి ఒక అయస్కాంత క్షేత్రం దిగుతుంది, అదీ అంతే వేగంగా మారుతూ ఉంటుంది. దానికి లోహపు ముక్క తగిలితే ఆ ముక్కలో నీటి సుడుల్లాంటి చిన్న చిన్న కరెంట్లు పుడతాయి. ఆ సుడులు మళ్లీ తమ సొంత క్షేత్రాన్ని పైకి పంపుతాయి. రెండో చుట్ట పని దాన్ని పట్టుకోవడం. పంపినదానికీ తిరిగొచ్చినదానికీ మధ్య కొద్దిపాటి ఆలస్యం ఉంటుంది. కరెంటు బాగా పారే, మందంగా ఉండే వెండి, రాగి ముక్కలకు ఆ ఆలస్యం ఎక్కువ. పలుచని రేకులకూ చిన్న బంగారు వస్తువులకూ తక్కువ. ఇనుము తీరే వేరు. ఈ ఆలస్యాన్ని కొలిచే యంత్రం తెర మీద అంకె చూపిస్తుంది, చాలావాటిలో 0 నుంచి 99 దాకా. ఈ పద్ధతిలో పనిచేసేవాటిని వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం అంటారు. తక్కువ ధరలో దొరికేవి దాదాపు అన్నీ ఇవే.

ఇంతవరకూ అర్థమైతే లోతు గురించి అట్టపెట్టెల మీద రాసే మాటల విలువ ఎంతో తెలిసిపోతుంది. కాయిల్ నుంచి దూరం పెరిగేకొద్దీ కిందికి పోయే క్షేత్రం దూరపు ఘనం లెక్కన బలహీనపడుతుంది. ముక్క నుంచి పైకి వచ్చేదీ అదే లెక్కన పడిపోతుంది. రెండూ కలిస్తే ఆరో ఘాతం. కాయిల్‌కు కాస్త దూరంగా ఉన్న చిన్న వస్తువు రెట్టింపు లోతుకు పోతే దాని సంకేతం సుమారు 64వ వంతే మిగులుతుంది. ఖరీదైన యంత్రం కొన్నా ఈ లెక్క మారదు. రూపాయి బిళ్లంత వస్తువును ఎంట్రీ లెవెల్ యంత్రాలు మంచి నేలలో ఆరు నుంచి పది అంగుళాల దాకా పడతాయి. గడ్డపార, ఇనుప బిందె లాంటి పెద్దవాటిని రెండు మూడు అడుగుల్లో పట్టొచ్చు. పది అడుగులని రాసినవాళ్లు ఎంత వస్తువును దృష్టిలో పెట్టుకుని రాశారో చెప్పరు. చిన్న యంత్రానికి అంత లోతు అని కనిపిస్తే ఆ పెట్టె పక్కన పెట్టేయండి.

చెత్త లోహం ఎంత దారి తప్పిస్తుందో చెప్పే పాత సంఘటన ఒకటుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో బుల్లెట్ ఎక్కడుందో కనుక్కోవడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రహంబెల్ ఇలాంటి యంత్రమే తయారుచేసుకుని వచ్చాడు. బుల్లెట్ దొరకలేదు. గార్‌ఫీల్డ్ పడుకున్న పరుపులోని ఉక్కు స్ప్రింగులు యంత్రాన్ని తికమకపెట్టాయని చెబుతారు. డాక్టరు ఒకవైపే వెతకనివ్వడం కూడా ఒక కారణం. యంత్రం మాత్రం సరైనదే. మన పొలాల్లో ఆ స్ప్రింగుల పని చేసేది మట్టే.

మన మట్టి సంగతి

వరంగల్, మహబూబాబాద్ వైపు ఎర్ర చల్కలు ఎక్కువ. ఆదిలాబాద్, నిర్మల్ వైపు నల్లరేగడి. ఈ రెండిటిలో ఎర్రదానిలోనే ఇనుముంటుంది, నల్లదానితో ఇబ్బంది లేదని నేను అనుకునేవాణ్ని. అది పొరపాటు. ఎర్ర రంగునిచ్చే ఇనుప తుప్పు యంత్రాన్ని పెద్దగా బాధించదు. బాధించేది అయస్కాంతానికి అంటుకునే నల్ల ఖనిజం, మాగ్నటైట్, దానికి దగ్గరివి. ఆదిలాబాద్ వైపు బసాల్ట్ రాయి అరిగి ఏర్పడిన రేగడిలో అది ఉంటుంది. చల్కల్లోనూ కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ. అందుకే రంగు చూసి తేల్చకూడదు.

తేల్చుకోవడం చాలా సులువు, పైసా ఖర్చు లేదు. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో వేసి పొడి మట్టి మీద పది అడుగులు ఈడ్చండి. కవర్‌కు నల్లటి నలుసులు గుత్తులుగా అంటుకుంటే మీ నేల కష్టమైన నేల. ఒకటి రెండు అంటితే ఏ యంత్రమైనా నడుస్తుంది. వాన వెలిశాక వాగు ఒడ్డున ఇసుకలో నల్లటి చారలు మీరు చూసే ఉంటారు, అదీ ఈ ఖనిజమే. యంత్రం కోసం డబ్బు పెట్టేముందు ఈ పరీక్ష చేయనివాళ్లను నేను చాలామందిని చూశాను. అందులో నేనూ ఒకణ్ని.

ఉత్తర తెలంగాణకు ప్రత్యేకమైన కష్టం ఇంకొకటుంది, ఇనుప చిట్టెం. ఈ ప్రాంతంలో శతాబ్దాల పాటు ఇనుము కరిగించారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు దేశదేశాలకు పోయేది, పర్షియా వ్యాపారులు కొనుక్కుపోయేవాళ్లు. ఆ కొలుముల నుంచి వచ్చిన చిట్టెం దిబ్బలు ఇప్పటికీ ఎన్నో ఊళ్ల శివార్లలో ఉన్నాయి. బరువుగా, నల్లగా, బుడగలు బుడగలుగా కనిపించే రాళ్లవి. దున్నకాల్లో అవి పొలాల్లోకి చెదిరిపోయాయి. పొలంలో చిట్టెం ఉంటే యంత్రం రాయి రాయికీ మోగుతుంది. అలాంటి చోట లోతు గురించి ఆలోచించడం దండగ.

ఇక్కడే గ్రౌండ్ బ్యాలెన్స్ అనే మాట వస్తుంది. నా దృష్టిలో కొనేముందు చూడాల్సినవాటిలో ఇదే మొదటిది. మట్టి నుంచి వచ్చే సంకేతాన్ని యంత్రం గుర్తుపట్టి, దాన్ని తీసేసి మిగతాది వినిపించడమే గ్రౌండ్ బ్యాలెన్స్. తక్కువ ధర యంత్రాల్లో చాలావాటికి దీన్ని ఫ్యాక్టరీలోనే ఒకచోట బిగించి పంపుతారు. మామూలు మట్టికి అది సరిపోతుంది. కష్టమైన నేలలో యంత్రం ఆగకుండా కూస్తుంది. కూత భరించలేక మనం సెన్సిటివిటీ, అంటే యంత్రం చురుకుదనం, తగ్గిస్తాం. తగ్గించగానే కావలసిన వస్తువు కూడా వినిపించదు. మా మడిలో సరిగ్గా ఇదే జరిగింది. ఒడ్డు మీద చల్క మట్టిలో మూడు అంగుళాల కింద నా ఉంగరాన్నే పాతిపెట్టి చూశాను. సెన్సిటివిటీ పూర్తిగా పెడితే ప్రతిచోటా మోత, తగ్గిస్తే ఉంగరం మీదా చప్పుడు లేదు. లోపం యంత్రం చెడిపోవడంలో లేదు, ఆ మట్టికి సర్దుకునే వీలు దానికి లేకపోవడంలో ఉంది.

గ్రౌండ్ బ్యాలెన్స్ మన చేతిలో ఉండే యంత్రంలో ఒక బటన్ నొక్కి పట్టుకుని కాయిల్‌ను నేల మీద పైకీ కిందికీ నాలుగైదుసార్లు ఆడించాలి. మట్టి చప్పుడు తగ్గిపోయాక వదిలేయాలి. అంతే. మడి మారితే మళ్లీ చేయాలి. ఒకే చెలకలో తడి ఉన్నచోట, ఎండినచోట కూడా తేడా వస్తుంది.

మట్టి తర్వాత కరెంటు. 11 కేవీ లైన్ కింద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, నడుస్తున్న బోరు మోటారు దగ్గర యంత్రం పిచ్చిపట్టినట్టు మోగుతుంది. జేబులోని సెల్‌ఫోన్ కూడా అడ్డమే. కొన్ని యంత్రాలకు నాయిస్ క్యాన్సిల్ ఉంటుంది, అంటే అడ్డొచ్చే తరంగాలకు కాస్త పక్కకు జరిగి పనిచేసే వీలు. లేకపోతే మోటారు బంద్ చేసినప్పుడు వెతుక్కోవడమే.

బంగారం ఎందుకు కష్టం

మనవాళ్లు యంత్రం కొనాలనుకునేది ఎక్కువగా పోయిన నగ కోసమే. కాబట్టి ఈ విషయం విప్పి చెప్పాలి. బంగారానికి ప్రత్యేకమైన అంకె ఏదీ లేదు. అంకె లోహాన్ని బట్టి మాత్రమే రాదు. ముక్క ఎంత పెద్దది, ఎంత మందం, ఏ ఆకారం అన్నవీ కలిసి వస్తాయి. రెండు గ్రాముల కమ్మకూ, మందు గోలీల అట్ట వెనక ఉండే అల్యూమినియం రేకుకూ ఒకే అంకె రావచ్చు. వెండి పట్టీల్లో మందంగా ఉన్న భాగం, రాగి చెంబు లాంటివి స్పష్టంగా పై అంకెల్లో తెలుస్తాయి. చిన్న బంగారం మాత్రం చెత్త రేకుల మధ్యే ఉంటుంది. 'గోల్డ్ మోడ్' అని బటన్ ఉన్నా బంగారాన్ని వేరు చేసి చూపిస్తుందని కాదు, చిన్న ముక్కలకు యంత్రం చురుకుగా ఉంటుందని మాత్రమే. బంగారం వెతకాలంటే గోలీల రేకులన్నీ తవ్వుకోక తప్పదు.

ఆకారం సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. తెగని ఉంగరం గట్టిగా మోగుతుంది, ఎందుకంటే సుడి కరెంటు చుట్టూ తిరగడానికి పూర్తి వలయం దొరుకుతుంది. అదే ఉంగరం ఒకచోట విరిగితే సంకేతం బాగా పడిపోతుంది. సన్నని గొలుసు ఇంకా కష్టం. రెండు తులాల పుస్తెలతాడు అంత బంగారం కదా, బాగా మోగాలి అనుకుంటాం. కానీ యంత్రానికి అది పెద్ద ముక్కలా కనిపించదు, ఒక్కో కొక్కెం ఒక్కో నలుసు. తాడు కంటే దానికున్న పుస్తెనో, కొలికినో వెతకడం సులువు. చిన్నమ్మ పోగొట్టుకున్నది కమ్మ కాబట్టి ఆ లెక్కన మాకు కొంత కలిసొచ్చింది.

నాణేలతో పరీక్షించి యంత్రం మంచిదా కాదా తేల్చేవాళ్లకు ఒక మాట. 1992 నుంచి వచ్చిన రూపాయి బిళ్ల స్టీలుది, అయస్కాంతానికి అంటుకుంటుంది. యంత్రం దాన్ని ఇనుములా చూపించవచ్చు, లేదా అంకె ఒకచోట నిలవకుండా గెంతవచ్చు. ఇనుమును వదిలేసే అమరిక పెట్టి రూపాయితో పరీక్షిస్తే మంచి యంత్రం కూడా మూగబోయి కనిపిస్తుంది. పరీక్షకు మీ సొంత ఉంగరం, పాత అల్యూమినియం పది పైసల బిళ్ల, వెండి మెట్టె తీసుకోండి.

ఇప్పుడు యంత్రాల పోలిక

ఫ్రీక్వెన్సీ దగ్గర మొదలుపెడదాం. కాయిల్‌లోని కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో అదే ఫ్రీక్వెన్సీ, కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు వెయ్యిసార్లు. తక్కువ ఫ్రీక్వెన్సీ పెద్దవాటికీ, వెండి రాగిలాంటివాటికీ అనుకూలం. ఎక్కువ ఫ్రీక్వెన్సీ చిన్న బంగారాన్ని బాగా పడుతుంది, కానీ చెడ్డ మట్టి చప్పుడు కూడా ఎక్కువ వినిపిస్తుంది. అమెరికా కంపెనీ గ్యారెట్ వాళ్ల ఏస్ వరుసలో 200 రకం 6.5 కిలోహెర్ట్జ్ మీద, 300 రకం 8 మీద, 400 రకం 10 మీద నడుస్తాయి. మూడింటికీ గ్రౌండ్ బ్యాలెన్స్ ఫ్యాక్టరీలో బిగించిందే. కాయిల్ నీళ్లలో మునిగినా ఫర్వాలేదు, పైన తెర ఉన్న డబ్బా తడవకూడదు. నాలుగు ఏఏ సెల్స్‌తో నడుస్తాయి, అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. మీ అయస్కాంతానికి నలుసులు అంటకపోతే, వెతికేది వెండి, రాగి, ఇనుప పనిముట్లు అయితే ఇవి చాలు. ఎక్కువ పెట్టనవసరం లేదు.

టర్కీ కంపెనీ నోక్టా 2019లో తెచ్చిన సింప్లెక్స్ ప్లస్ 12 కిలోహెర్ట్జ్ యంత్రం. కాయిల్‌ను ఆడించి గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకునే వీలు దానికుంది. 11 అంగుళాల కాయిల్, లోపలే ఛార్జింగ్ బ్యాటరీ. మొత్తం యంత్రం 3 మీటర్ల నీటి లోతు దాకా తట్టుకుంటుంది. వరి మడుల్లో వెతికేవాళ్లకు ఆఖరి మాట చిన్నది కాదు. బురదలో ఒకసారి కాలు జారితే డబ్బా కూడా నీళ్లలో పడుతుంది. ఆ ధరల స్థాయిలో, మన నేలలకు, మొదటి యంత్రంగా నేను చెప్పేది ఈ రకాన్నే. దాని తర్వాత వచ్చినవి కూడా అదే దారిలో ఉన్నాయి.

ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ వ్యాంక్విష్ వరుసది ఇంకో పద్ధతి. ఒకే ఫ్రీక్వెన్సీ బదులు ఒకేసారి కొన్ని ఫ్రీక్వెన్సీలు పంపి, వాటిని పోల్చుకుని మట్టినీ ముక్కనూ విడదీస్తుంది. మనం చేతితో సర్దే పని ఉండదు. కొత్తవాళ్లకు హాయి. తెర ఉన్న డబ్బా నీటికి ఆగదు, కాయిల్ మాత్రం ఆగుతుంది. అదే కంపెనీ ఎక్స్-టెర్రా ప్రోలో 5, 8, 10, 15 కిలోహెర్ట్జ్‌లలో ఒకటి మనం ఎంచుకోవచ్చు. ఇది 5 మీటర్ల లోతు నీటిని తట్టుకుంటుంది.

పేరు లేని చవక యంత్రాల గురించి కూడా న్యాయంగా చెప్పాలి. మట్టి కింద కప్పుబడిపోయిన పాత బోరు ఇనుప కేసింగ్, పైపులైన్ వాల్వు మూత, విరిగిపడిన కల్టివేటర్ నాగలికర్రు, రొటవేటర్ బ్లేడు వెతకడానికి అవి పనికొస్తాయి. నేను కొన్నదీ ఇప్పుడు ఆ పనికే ఊళ్లో తిరుగుతోంది. పీవీసీ పైపులను, పీవీసీ కేసింగ్‌ను ఏ మెటల్ డిటెక్టరూ చూపించదు. ఇది అడిగేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు.

కాయిల్ విషయంలో రెండు మాటలు చాలు. పెద్ద కాయిల్ పెద్ద వస్తువులను లోతులో పడుతుంది, చిన్నవాటిని వదిలేస్తుంది, చెత్త ఎక్కువ ఉన్నచోట అన్నిటినీ కలిపేసి వినిపిస్తుంది. డీడీ అనే రకం కాయిల్ (లోపలి రెండు చుట్టలూ ఇంగ్లిష్ D ఆకారంలో ఉండేది) చెడ్డ మట్టిలో కుదురుగా ఉంటుంది. కొనబోయే యంత్రానికి ఆరు అంగుళాల చిన్న కాయిల్ విడిగా దొరుకుతుందో లేదో అమ్మేవాణ్ని ముందే అడగండి.

ఒక రకం వస్తువును మాత్రం ఎవరూ కొనొద్దు. రెండు యాంటెన్నాలు ముందుకు పొడుచుకొచ్చి, వందల మీటర్ల అవతల ఉన్న బంగారం వైపు తిరుగుతాయని చెప్పి లక్షలకు అమ్మేవి. పైన చెప్పిన ఆరో ఘాతం లెక్క ముందు ఆ మాట నిలబడదు. ఏడీఈ 651 పేరుతో ఇలాంటి యాంటెన్నా కర్రలనే బాంబులు కనిపెట్టే యంత్రాలుగా ఇరాక్‌కు అమ్మారు. లోపల పనిచేసేది ఏమీ లేదు, మూలం గోల్ఫ్ బంతులు వెతికే ఒక బొమ్మ. అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. దాన్ని నమ్మి చెక్‌పోస్టుల్లో నిలబడ్డ ప్రాణాలు తలుచుకుంటే బాధేస్తుంది. మన దగ్గర దీన్నే లంకెబిందెల ఆశతో కలిపి అమ్ముతారు. అప్పు చేసి కొన్న కుటుంబాలున్నాయి.

తవ్వే హక్కు

లంకెబిందెల మాట వచ్చింది కాబట్టి దీన్ని దాటేసి పోలేను. ఓరుగల్లు మట్టికోట లోపల ఇప్పటికీ ఊరుంది, పొలాలున్నాయి. ములుగు, భూపాలపల్లి అడవుల్లో పడిపోయిన గుళ్లు ఎన్నో. గుప్తనిధుల పేరుతో నందుల కింద, లింగాల కింద తవ్విన గుంతలు నేను కళ్లారా చూశాను. చేతిలో యంత్రం ఉండగానే అటువైపు మనసు లాగుతుంది. అక్కడికి పోకండి.

వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్ప గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత స్థలంలో లైసెన్సు లేకుండా తవ్వకాలు జరపడాన్ని 1958 నాటి చట్టం నిషేధిస్తుంది. కట్టడాన్ని పాడుచేస్తే 2010 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. రాష్ట్రం కాపాడే కట్టడాలకు 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. వందేళ్లు దాటిన నాణెం, విగ్రహం లాంటివి 1972 చట్టం కింద పురావస్తువులు, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు.

సొంత భూమిలో దొరికినా అది నేరుగా మనదైపోదు. దేశంలో నిధి చట్టాలకు మూలమైన 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ పది రూపాయలకు మించిన విలువైనది మట్టిలో దొరికితే కలెక్టరుకు రాసి తెలియజేయాలంటుంది. దాచిపెడితే ఏడాది దాకా జైలు. హక్కుదారు ఎవరూ లేరని తేలితే దొరికిన మనిషికీ భూమి యజమానికీ వాటా ఇచ్చే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తి దగ్గర భూమి చదును చేస్తుంటే రాగి పాత్రలో నగలు బయటపడ్డాయి. దాదాపు 190 గ్రాముల బంగారం, 1.7 కిలోల వెండి. అధికారులు వచ్చి స్వాధీనం చేసుకున్నారు.

చట్టం కంటే నాకు ముఖ్యమైన కారణం ఇంకోటి. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో, గోదావరి ఒడ్డున, శాతవాహనుల తొలి రాజు సిముకుని నాణేలు దొరికాయి. శాతవాహనుల మొదలు ఇక్కడే అని చెప్పడానికి అవి పెద్ద ఆధారం. అవి ఆ చోట దొరికాయి కాబట్టే ఆ మాట చెప్పగలిగారు. ఎవరో రాత్రిపూట యంత్రంతో ఏరుకుని పట్నంలో అమ్ముకుని ఉంటే, అదే నాణెం ఏ ఊరిదో తెలియని సీసపు ముక్కో రాగి ముక్కో అయ్యేది. తవ్వుతుంటే పాతది ఏదైనా కనిపిస్తే చేయి ఆపి, అక్కడే ఉంచి, తహసీల్దారుకు చెప్పండి. అడవి అంచు ఊళ్లలో గుర్తుపట్టలేని ఇనుప డబ్బా, వైర్లు కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పోలీసులకు ఫోన్ చేయండి.

కొనేటప్పుడు, వెతికేటప్పుడు

షాపులో బల్ల మీద గాలిలో చూపించే పరీక్షకు విలువ తక్కువ, గాలిలో మట్టి ఉండదు కదా. వీలైతే మీ పొలం మట్టి ఒక బకెట్‌లో తీసుకుపోండి, ఉంగరం అందులో పెట్టి చూపించమనండి. ఒప్పుకోని చోట కొనకండి. జీఎస్టీ బిల్లు, దేశంలోనే రిపేరు చేసే చోటు, విడి కాయిల్, ఇవి లేకపోతే ధర తగ్గినా లాభం లేదు. ఒక్కసారి వెతకడానికైతే అసలు కొనకుండా అద్దెకో, తెలిసినవాళ్ల దగ్గరో అడగండి.

మేం అదే చేశాం. కరీంనగర్‌లో పైపులైన్ పనులు చేసే స్నేహితుడి దగ్గర గ్రౌండ్ బ్యాలెన్స్ సర్దుకునే యంత్రం ఉంది. తారు కింద పోయిన వాల్వు మూతల కోసం కొన్నాడు. దానికి చిన్న కాయిల్ కూడా ఉంది. కోతలు అయ్యేదాకా ఆగాం. కొయ్యకాళ్లను మొదళ్లకు కోయించాం. అవి నాలుగు అంగుళాల ఎత్తున్నా కాయిల్ నాలుగు అంగుళాలు పైన తేలుతుంది, అంటే ఉన్న లోతులో సగం పోయినట్టే. మడిని తాళ్లతో నాలుగేసి అడుగుల బారులుగా విడదీశాం. కాయిల్ నేలకు దాదాపు ఆనేలా, ప్రతి ఊపూ ముందటి ఊపు మీద సగం పడేలా, నెమ్మదిగా నడిచాం. తొందరగా ఊపేవాళ్లకు ఏ యంత్రమూ పనిచేయదు. బావ గుంతలు తవ్వేవాడు, నేను ప్రతి గుంతనూ వెంటనే పూడ్చేవాణ్ని.

మొదటి రోజు గోలీల రేకులు, బీరు మూతలు, ఒక తాళంచెవి. చిన్నమ్మ ఒడ్డు మీద కూర్చుని, మోగినప్పుడల్లా లేచి వచ్చేది. రెండో రోజు మధ్యాహ్నం, నారు కట్టలు దింపిన మూల దగ్గర, రేకులకు వచ్చే అంకెకు రెండే తేడాతో ఒకటి మోగింది. అప్పటికి అలాంటివి చాలా తవ్వి విసిగిపోయి ఉన్నాం. అయినా తవ్వాం. ఐదు అంగుళాల కింద, నాగలి దిగని గట్టి పొర మీద, ఎండిన బురద గడ్డలో కమ్మ ఉంది. వెనక బిగించే మర దొరకలేదు. అంత చిన్నదాన్ని ఆ యంత్రం పట్టదని అప్పటికి మాకు తెలుసు కాబట్టి వెతకలేదు. చిన్నమ్మ మరుసటి రోజే వరంగల్ పోయి కొత్త మర చేయించుకుంది.